సున్నపు తరహా చుండ్రు

రికార్డు ప్రకారం మా ఆఫీసు పైకప్పు నుంచి ఏదీ రాలదు. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుని వినండి. అప్పుడు తరవాత జరిగినదంతా ఎంత పద్ధతిగా జరిగిందో మీకే బోధపడుతుంది.

మాది సమన్వయ శాఖ ప్రాంతీయ కార్యాలయం. దేన్ని దేనితో సమన్వయం చేస్తారని అడక్కండి. అలా అడగడానికి వచ్చినవాళ్ళను పక్క ఆఫీసుకు పంపడమే మా పని. భవనం పాతది. ఆమధ్య హాలు పైకప్పు పెచ్చులూడుతుంటే మరమ్మతు మంజూరైంది. కాంట్రాక్టరు వచ్చాడు, నిచ్చెన వేశాడు, ఊడుతున్న పెచ్చుల మీదే దట్టంగా సున్నం కొట్టాడు, నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు. రాజధాని నుంచి డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి శిలాఫలకం ఆవిష్కరించారు. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలతో ‘పైకప్పు సంపూర్ణ పునరుద్ధరణ’ అని, కింద ఆయన పేరు. ఫలకాన్ని హాల్లోనే పెడదామనుకున్నారు గానీ గోడ మేకును నిలబెట్టుకోలేకపోయింది. అందుకని బయట వరండాలో పెట్టారు.

అప్పటినుంచి మా నెత్తిన రాలుతున్నదాన్ని ఏమనాలో తెలియక, ఏమీ అనకుండా దులుపుకుంటూ వస్తున్నాం. పైకప్పు అంటే డైరెక్టర్ గారిని అన్నట్టవుతుంది. పిల్లలు గలవాళ్ళం, అంత సాహసం ఎవరు చేస్తారు.

చేసిందల్లా అమ్మాజీ గారు. నా పక్క సీటు ఆవిడది, నాలాగే సీనియర్ అసిస్టెంటు. మోకాళ్ళ దాకా జడ, నాలుక మీద కారం. శనివారం వస్తే కుంకుడుకాయలు కొట్టి తలరుద్దుకుంటే గాని పచ్చి మంచినీళ్ళు ముట్టదు. డైరెక్టర్ గారు తనిఖీకి వచ్చిన రోజున ఆవిడ నేరేడుపండు రంగు చీర కట్టుకుని ఉంది. ఫైలు అందించడానికి లేచి నిలబడింది. భుజం నిండా తెల్లటి పొలుసులు.

“ఏమిటమ్మా అది?” అన్నారు డైరెక్టర్ గారు.

“పైకప్పండి,” అంది ఆవిడ, ఎంత మామూలుగానో.

డైరెక్టర్ గారి వెనకాల నిలబడ్డ మా జాయింట్ డైరెక్టర్ మార్కండేయులు గారికి పొలమారింది. జేడీ గారంటే మా ఆఫీసుకు పెద్ద. పై అధికారి నీడను కూడా తొక్కకుండా నడిచే మనిషి. “సార్, పైకప్పును తమరే పునరుద్ధరించారు. వరండాలో తమరి ఫలకం ఉంది,” అన్నారు.

డైరెక్టర్ గారు వరండాలోకి వెళ్ళి, తన పేరు తానే చదువుకుని, స్థిమితపడి తిరిగి వచ్చారు. “కప్పు బాగైంది. బాగైన కప్పు రాలదు. అటువంటప్పుడు ఇది రాలింది తలలోంచే. అనగా ఇది చుండ్రు.”

“ఎంత శాస్త్రీయంగా తేల్చారు సార్,” అన్నారు జేడీ గారు.

“నాకు చుండ్రు లేదండి బాబూ. కావాలంటే తల చూడండి,” అంది అమ్మాజీ గారు.

“తలలు చూచుట నా స్థాయి పని కాదమ్మా. దానికొక సంఘం వేస్తాం.”

వేశారు. వారం తిరక్కుండా రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. “ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయములందు చుండ్రు ప్రబలుచున్నట్లు ఉన్నతాధికారుల దృష్టికి వచ్చియున్నది. పొలుసులు ఫైళ్ళపై పడి అక్షరములను కప్పివేయుటచే పరిపాలన కుంటుపడుచున్నది. కావున భుజముపై పొలుసు కనిపించిన ఉద్యోగి, దాని శాశ్వత నిర్మూలన జరుగువరకు, ఏ కాగితముపైనను సంతకము చేయరాదు. అట్టివారి పేరు ఏ ప్రమోషన్ జాబితాలోను పరిశీలింపబడదు. ఈ నిబంధన హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించును.”

ఇన్నేళ్ళుగా మా పరిపాలన ఎందుకు కుంటుతోందో అప్పటిగ్గాని మాకు తెలిసిరాలేదు.

ఆ ఉత్తర్వు కింద మా ఆఫీసుకు ‘శిరోపరిశుభ్రతా పర్యవేక్షక సంఘం’ ఏర్పడింది. జేడీ గారు అధ్యక్షులు. కన్వీనర్ని నేను. నన్నెందుకు వేశారయ్యా అంటే, నాది నున్నటి బట్టతల. ఆ వ్యవహారంలో స్వార్థం లేనివాడు ఆఫీసు మొత్తంలో నేనొక్కణ్ణే అని మినిట్స్‌లో రాశారు. మా ఆవిడకు చదివి వినిపిస్తే, ఇన్నాళ్ళకు మీ తలకాయ ఒకందుకు పనికొచ్చింది అంది.

సంఘం పెట్టిన రోజు సాయంత్రం అమ్మాజీ గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “మాణిక్యం గారూ, ఈ నెలాఖరుకు సూపరింటెండెంటు లిస్టు సంతకమవుతుందండి. నా పేరే మొదటిది. ఇప్పుడు తప్పిందంటే నేను పని నేర్పిన కుర్రోడు నా నెత్తిమీద కూర్చుంటాడు. నేనాడి ముందు చేతులు కట్టుకు నిలబడాలి.”

“తప్పిపోదులెండి, ఏదో ఒక దారి...”

“అదొకటే కాదండి. సూపరింటెండెంటు గదికి రేకుల కప్పు. ఆ స్లాబు కిందనుంచి తప్పించుకోడానికి నాకు మరో దారి లేదు. రోజూ పొద్దున్న సీట్లో కూచునే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. దేనికనుకున్నారు, ఫైళ్ళు కదలాలనా?”

నేను తల పైకెత్తి చూశాను. ఆవిడ సీటు పైన కప్పులో అరటాకంత పెచ్చు ఉబ్బి ఉంది. ఆవిడ మొహంలోకి చూడలేక, సంఘం తప్పకుండా పరిశీలిస్తుంది అన్నాను. అలాంటి సందర్భాల్లో మాకు వచ్చిన మాట అదొక్కటే.

సంఘం మొదటి పని వైద్య పరీక్ష. పెద్దాసుపత్రి నుంచి చర్మవ్యాధుల డాక్టర్ సుభాషిణి గారిని రప్పించాం. ఆవిడ వరసగా ఒక్కొక్కరి తలా పాయలు తీసి చూడసాగింది. మధ్యలో జేడీ గారి తల కూడా చూసి, “మీకు బాగానే ఉందండి చుండ్రు,” అంది. జేడీ గారు తలుపు దగ్గరగా వేయించారు.

“కంగారేం లేదండి. సగం మందికి ఉండేదే,” అంది డాక్టరు గారు. “తలలో నూనె ఊరుతుంది, అందరి మాడు మీదా ఉండే ఒక రకం సూక్ష్మజీవి దాన్ని తిని బతుకుతుంది. కొందరి చర్మానికి అది పడదు. దురద, పొలుసులు. మందు షాంపూ వారానికి రెండుసార్లు, మాడుకు పట్టించి ఐదు నిమిషాలు నాననిచ్చి కడుక్కోండి. పైన నూనె దట్టించకండి, గోళ్ళతో గీరకండి. తగ్గుతుంది. చలికాలం, మనసు బాగోనప్పుడు మళ్ళీ వస్తుంది. మళ్ళీ అదే పని. అంతే.”

“మళ్ళీ వస్తుందంటే ఎలాగండి? శాశ్వత నిర్మూలన అని ఉత్తర్వులో ఉంది,” అన్నారు జేడీ గారు. “మళ్ళీ రాదని తమరు ధ్రువీకరించాలి.”

“రాదని నేనెలా రాస్తానండి? అది నా మాట వినదు కదా.”

“పోనీ, అంటువ్యాధి అని రాయండి. నిధులైనా వస్తాయి.”

“ఒకరి నుంచి ఒకరికి అంటుకోదండి ఇది.”

ఇంతలో అమ్మాజీ గారి తల వంతు వచ్చింది. డాక్టరు గారు ఎంత వెతికినా ఒక్క పొలుసు దొరకలేదు. భుజం మీద రాలిన దాన్ని వేలితో నలిపి చూసి నవ్వింది. “ఇది సున్నమండి.”

ఆ మాట ఎవరో ఒకరు అనాలని అందరం ఎదురుచూస్తున్నాం. అన్నది జీతం వేరే శాఖలో తీసుకునే మనిషి కాబట్టి ఆవిడకు భయం లేదు. అమ్మాజీ గారి కళ్ళు మెరిశాయి.

డాక్టరు గారు వెళ్ళాక సంఘం కూర్చుంది. జేడీ గారు మినిట్స్ పుస్తకం ముందుకు లాక్కున్నారు. “డైరెక్టర్ గారు చుండ్రు అన్నారు. డాక్టరు గారు సున్నం అన్నారు. ఇద్దరినీ గౌరవించాలి. కాబట్టి ఇది సున్నపు తరహా చుండ్రు.”

“అలాంటిది ఉంటుందాండి?” అన్నాను నేను.

“ఉన్నట్టు మినిట్స్‌లో రాస్తున్నాం కదా.” అని అమ్మాజీ గారిని పిలిపించారు. “అమ్మా, మీరు తాంబూలం వేసుకుంటారా?”

“శ్రావణమాసంలో పేరంటాలకెళ్తే వేసుకుంటానండి.”

“అందులో సున్నం?”

“సున్నం లేకుండా తాంబూలమేంటండి?”

“అదీ సంగతి,” అన్నారు జేడీ గారు. “లోపలికి వెళ్ళిన సున్నం పైకి వస్తోంది. మాణిక్యం, రాసుకో.” తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రాసుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మాజీ గారు గొడుగు తెచ్చుకుంది. తన సీట్లో గొడుగు విప్పుకుని, దాని కింద కూర్చుని ఫైళ్ళు చూసింది. మర్నాటికి హాల్లో ఇంకో నాలుగు గొడుగులు విచ్చుకున్నాయి. బయటినుంచి పని మీద వచ్చినవాళ్ళు చేపల మార్కెట్టనుకుని వెనక్కి తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. మూడోనాడు మెమో వచ్చింది. “కప్పు గల భవనమునందు గొడుగు విప్పుట, సదరు కప్పును అనుమానించుట అగును. కప్పును అనుమానించుట, పునరుద్ధరించిన వారిని అనుమానించుట అగును.” గొడుగులు మూశాం. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

ఆ తరవాత పరీక్షావస్త్రాలు వచ్చాయి. భుజాల మీద కప్పుకోవడానికి తలా ఒక నల్లగుడ్డ. రోజూ సాయంత్రం ఎవరి గుడ్డ మీద ఎన్ని పొలుసులున్నాయో నేను చూడాలి. ఫ్యాను గాలికి ఒకరి పొలుసులు ఇంకొకరి గుడ్డ మీదికి ఎగురుతున్నాయని ఫ్యాన్లు ఆపించారు. ఉక్కపోతకు తలలు చెమర్చి, దురదలెక్కి, ఎన్నడూ లేనిది కొందరికి నిజం చుండ్రే మొదలైంది. సంఘం ఏర్పాటు సకాలంలో జరిగిందని జేడీ గారు సంతోషించారు.

సూపరింటెండెంటు లిస్టులో ఉన్న మగవాళ్ళు ఒకరి తరవాత ఒకరు సెలవు పెట్టి కొండకెళ్ళి గుండ్లతో తిరిగి వచ్చారు. ఏ మొక్కయ్యా అంటే ఎవరూ చెప్పరు. గుండ్ల మీద కూడా సున్నం రాలింది. ఆఖరికి నా బట్టతల మీద, నా నల్లగుడ్డ మీద కూడా రాలింది. గోడ గడియారం మీద, అటెండరు నూకరాజు తెచ్చిన టీ గ్లాసుల్లో కూడా తేలింది. దాంతో సంఘం అత్యవసరంగా కూర్చుంది.

“వెంట్రుకలు లేనిచోట చుండ్రు పుట్టదు. గడియారానికి అసలే పుట్టదు,” అన్నారు జేడీ గారు. ఆ మాటకు నాలో ఎక్కడో ఆశ పుట్టింది. “కాబట్టి ఇది ఒకచోట పుట్టి అందరికీ సోకుతున్నది. ఆఫీసులో అన్నిటికంటే పొడుగు జడ ఎవరిది?”

“డాక్టరు గారు అంటుకోదన్నారు కదండీ.”

“మామూలు చుండ్రు అంటుకోదు. సున్నపు తరహా గురించి ఆవిడకేం తెలుసు? ఆవిడ చదువుకునేటప్పటికి అది లేదు.”

అమ్మాజీ గారి కుర్చీ, బల్ల వరండాలోకి మార్చారు, ఫలకం కిందికి. చుండ్రు సోకించిన అభియోగం మీద మెమో కూడా ఇచ్చారు. ఆ కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, బల్ల సొరుగులో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇరవై ఏళ్ళ సర్వీసండి. ఒక్క తప్పుడు నోటు రాయలేదు. ఇప్పుడు నా జడ దోషమని రాశారు. మా అమ్మ దువ్వి దువ్వి పెంచిన జడండి ఇది.”

నాకు ఒళ్ళు మండింది. మండినా కన్వీనర్ని. ఏమనగలను. “ఇక్కడ గాలి బాగుందండి,” అన్నాను.

“గాలే కాదండి,” అని ఆవిడ పైకి చూసింది. వరండాకు కలప దూలాలు, పైన మంగుళూరు పెంకులు. “ఇక్కడ నెత్తిన ఏమీ రాలట్లేదు.”

నెలాఖరు దగ్గర పడింది. అన్ని ప్రాంతీయ కార్యాలయాల్లోకీ ముందుగా చుండ్రు పోగొట్టిన ఆఫీసుకు డైరెక్టర్ గారు స్వయంగా షీల్డు ఇస్తారని కబురొచ్చింది. ప్రమోషన్ల లిస్టు మీద సంతకం కూడా ఆ రోజే, అక్కడే. జేడీ గారు రెండు రోజులు అన్నం సహించక తిరిగి, మూడో రోజు ఉత్తర్వు తీశారు. పరీక్షావస్త్రం రంగు నలుపు నుంచి తెలుపుకు మార్చబడినది. సిబ్బంది అంతా తెల్ల బట్టలే ధరించవలెను.

ఆ సాయంత్రం తనిఖీ చేస్తే ఒక్క గుడ్డ మీదా ఒక్క పొలుసు కనిపించలేదు. నూటికి నూరుపాళ్ళ నివారణ అని నివేదిక పంపాం. జేడీ గారు నా భుజం తట్టారు. కాస్త పొడి లేచింది.

షీల్డు రోజు వచ్చింది. హాలంతా తెల్లటి మనుషులం. ముందువైపు, అమ్మాజీ గారి సీటు ఉండేచోట బల్ల, బల్ల మీద షీల్డు, పక్కన పళ్ళెంలో బూందీ లడ్డూలు. నివారణ అయిన రోగిగా అమ్మాజీ గారిని కూడా వరండాలోంచి పిలిపించి, తెల్లచీరలో, తన పాత సీటు దగ్గరే నిలబెట్టారు. డైరెక్టర్ గారు మాత్రం నల్లసూటు వేసుకొచ్చారు. ఆయనకు ఉత్తర్వు అందలేదు, అది కిందివాళ్ళకు.

“చుండ్రు అనగా పరిపాలనపై పడిన మచ్చ,” అని మొదలుపెట్టారు ఆయన. “దానిని సమూలముగా పెకలించుటలో ఈ కార్యాలయము రాష్ట్రమునకే ఆదర్శము.” అందరం చప్పట్లు కొట్టాం. గట్టిగా కొట్టమని జేడీ గారు కళ్ళతో సైగ చేశారు. గట్టిగా కొట్టాం.

అదే మేం చేసిన పొరపాటు. పైన ఫెళ్ళుమంది. అమ్మాజీ గారు రోజూ దణ్ణం పెట్టుకునే ఆ పెచ్చు, దాని చుట్టాలు పక్కాలతో సహా, బల్ల మీదికి దిగింది. షీల్డు రెండు ముక్కలు. లడ్డూలు ఎక్కడికక్కడ పొడి. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము సర్దుకున్నాక ఓరకంట చూస్తే, కప్పులో తుప్పుపట్టిన ఇనపచువ్వలు పక్కటెముకల్లా బయటపడి ఉన్నాయి. కింద డైరెక్టర్ గారు నడినెత్తి నుంచి బూట్ల దాకా తెల్లగా నిలబడి ఉన్నారు.

ఎవరమూ తలెత్తి చూడలేదు. అలవాటు లేదు.

డైరెక్టర్ గారు దగ్గి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఏమీ జరగనట్టే జేబులోంచి పెన్ను తీశారు. “ఏదీ, ఆ ప్రమోషన్ల లిస్టు.”

అమ్మాజీ గారు ముందుకొచ్చింది. “సంతకం పెట్టకూడదేమోనండి.”

“ఏం?”

“భుజాన పొలుసుంటే ఏ కాగితం మీదా సంతకం చేయకూడదని తమరి ఉత్తర్వండి. హోదాతో నిమిత్తం లేదన్నారు. మీ భుజాన చాలా ఉందండి. అది మీ తలలోదైతే సంతకం చెల్లదండి. చెల్లే సంతకమైతే అది పైకప్పుదండి. ఏదో ఒకటి తమరే చెప్పాలి మరి. లిస్టుకు ఇదే ఆఖరి రోజు.”

డైరెక్టర్ గారు తన భుజం చూసుకున్నారు. ద్వారంలోంచి కనిపిస్తున్న ఫలకం వైపు చూశారు. పెన్ను గాల్లోనే ఉండిపోయింది. తలలోదంటే పరువు పోతుంది, కప్పుదంటే ఫలకం పోతుంది. ఇరవై ఏళ్ళలో ఒక అధికారి నిజంగా ఆలోచించడం నేను అప్పుడే చూశాను.

ఆదుకున్నది జేడీ గారే. “సార్,” అన్నారు, మొహం వెలిగిపోతుండగా. “కప్పు పునరుద్ధరణ జరిగింది, అందులో సందేహం లేదు. జరిగిన తరవాత, కింద కూర్చున్న సిబ్బంది నుంచి కప్పుకు చుండ్రు సోకింది.”

“కప్పుకు జుట్టు లేదు కదండీ,” అన్నాను, కన్వీనరు హోదాలో.

“బూజు ఉందిగా.”

డైరెక్టర్ గారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. చుండ్రు ఆయనది కాదు. మరమ్మతూ ఖాయం. “చాలా సమగ్రమైన అవగాహన, మార్కండేయులు గారూ. తక్షణం కప్పుకు చికిత్స ప్రారంభించండి,” అని, దుమ్ము ఊది, లిస్టు మీద సంతకం పెట్టారు. మొదటి పేరు అమ్మాజీ గారిది.

మర్నాడే రెండు డబ్బాల మందు షాంపూకు ఇండెంటు వెళ్ళింది. అమ్మాజీ గారు సూపరింటెండెంటుగా చేరగానే బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు అదే. నూకరాజు నిచ్చెనెక్కి, వారానికి రెండుసార్లు, కప్పుకు నురగ పట్టించాలి. పట్టించినట్టు ఆవిడ ధ్రువీకరించాలి. ఆవిడ ఫైలంతా శ్రద్ధగా చదివి, నన్ను పిలిచింది.

“మాణిక్యం గారూ, నిచ్చెన ఎక్కడం అదీ వద్దు. ఆడి నెత్తిన పడుతుంది. కిందనుంచే పిచికారీ కొట్టి బయటికొచ్చేమనండి. డాక్టరు గారు ఎంతసేపు నానాలన్నారు?”

“ఐదు నిమిషాలండి.”

“అది ఒక తలకి. మన హాలు కప్పు ఎన్ని తలల పెట్టుంటుంది?”

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నవ్వలేదు. ఫైలు మీద గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ పోయింది. “తల కంటే కప్పు అనేక వేల రెట్లు పెద్దది అగుటచేతను, వారానికి రెండుసార్లు పట్టించవలసి యుండుటచేతను, మొదటిది నానుట పూర్తికాక మునుపే రెండవది పట్టించవలసి వచ్చును. నానుచున్న సమయమున కప్పు క్రింద ఎవరును కూర్చొనరాదు. కావున చికిత్స పూర్తి అగువరకు సిబ్బంది యావన్మందిని వరండాలోకి మార్చడమైనది.”

జేడీ గారు చదివి, ఎక్కడా తప్పు దొరక్క, పైకి పంపారు. డైరెక్టర్ గారు అభినందనలతో ఆమోదించారు. రాజధానిలో ఎవరో లెక్కగట్టి, నానడం పూర్తయ్యేసరికి మాలో అందరికంటే చిన్నవాడు కూడా రిటైరవుతాడని తేల్చారట. పరవాలేదన్నారు, శాశ్వత నిర్మూలనకు ఆమాత్రం పడుతుంది.

ఇప్పుడు మేమంతా వరండాలోనే పనిచేస్తున్నాం. అమ్మాజీ గారు రేకుల గదిలోకి వెళ్ళవచ్చు, వెళ్ళలేదు. అందరి మధ్యా కుర్చీ వేయించుకుంది, జడ వెనక్కి వేసుకుని. అప్పుడప్పుడూ లోపల హాల్లో దబ్బుమని చప్పుడవుతుంది. చికిత్స పనిచేస్తోందనుకుని ఫైళ్ళలో పడతాం.

ఆ శిలాఫలకం మాత్రం మా నెత్తిమీదే, నిగనిగలాడుతూ ఉంది. ఇంతవరకు దాని మీద ఒక్క పొలుసు రాలలేదు. మొదటినుంచీ దాన్ని హాల్లో కూర్చోబెట్టలేదు కదా.